కత్తెరకు దొరికిన చరిత్ర, దొరకని చరిత్ర

1954 తొలినాళ్ళలో బృహత్ సోవియట్ విజ్ఞాన సర్వస్వానికి చందా కట్టినవాళ్ళకు ప్రచురణకర్తల నుంచి ఒక కవరు అందింది. అందులో కొన్ని కొత్త పేజీలు, వాటితో పాటు ఒక సూచన ఉన్నాయి. ఐదో సంపుటం తీసి 21 నుంచి 24 వరకూ ఉన్న పేజీలను, మధ్యలో ఉన్న ఫొటోను కత్తెరతో గానీ బ్లేడుతో గానీ కోసేయాలి. కుట్టు దగ్గర కాస్త అంచు వదిలి, దానికి ఈ కొత్త పేజీలు అతికించాలి. కోసేయమన్న పేజీల్లో ఉన్నది లవ్రెంతి బేరియా జీవిత విశేషాలు. 1950లో ఆ సంపుటం అచ్చయినప్పుడు ఆయన సోవియట్ రహస్య పోలీసు వ్యవస్థకు పెద్ద దిక్కు, స్టాలిన్‌కు కుడిభుజం. స్టాలిన్ పోయిన కొద్ది నెలలకే, 1953 జూన్‌లో, ఆయన్ను అరెస్టు చేశారు. డిసెంబర్‌లో కాల్చేశారు. సర్వస్వంలో ఆయన ఖాళీ చేసిన చోటును బేరింగ్ సముద్రం ఫొటోలతోనూ, 18వ శతాబ్దపు బెర్గ్‌హోల్ట్స్ అనే ఆస్థాన ఉద్యోగి గురించిన సమాచారంతోనూ నింపారు. అక్షరక్రమం చెడలేదు. పేజీ నంబర్లూ చెడలేదు.

ఆ కవరు విదేశాల్లోని చందాదారులకు కూడా వెళ్ళింది. అక్కడే మాస్కో లెక్క తప్పింది. అమెరికాలోని లైబ్రేరియన్లు పాత పేజీలు కొయ్యలేదు. కొత్త పేజీలనూ పాత పేజీలనూ ఒకే అట్టలో పెట్టుకుని, వచ్చినవాళ్ళకు రెండూ చూపించారు.

కమ్యూనిస్టు పార్టీ ఒక్కటే పాలించిన మూసిన దేశంలో చరిత్ర ఎలా రాశారన్నది తెలుసుకోవాలంటే ఈ పద్ధతే మేలు. ఒక పుస్తకం చదివితే తెలిసేది కొంతే. అదే పుస్తకం రెండు కూర్పులు పక్కపక్కన పెడితే చాలా తెలుస్తుంది. ఏ పేరు పోయింది, ఏ ఫొటోలో ఎవరు మాయమయ్యారు, ఏ తప్పు ఎవరి నెత్తిన పడింది అన్నవి చూసుకుంటూ పోతే, రాసినవాళ్ళు చెప్పదలచుకోనిది వాళ్ళ పుస్తకమే చెప్పేస్తుంది.

స్టాలిన్‌కు చరిత్రంటే నిజంగానే ఇష్టం. చిక్కంతా అక్కడే వచ్చింది. చరిత్రను పట్టించుకోని నియంతైతే చరిత్రకారులను వాళ్ళ మానాన వదిలేసేవాడు. 1931లో ఆయన 'ప్రొలెతార్‌స్కయా రెవల్యూత్సియా' అనే చరిత్ర పత్రికకు ఒక లేఖ రాశాడు. లెనిన్ గురించి ఒక చరిత్రకారుడు కాగితాలు ముందేసుకుని కొన్ని ప్రశ్నలు లేవనెత్తడం ఆయనకు నచ్చలేదు. పాత కాగితాల మీద తప్ప దేని మీదా నమ్మకం లేనివాళ్ళను ఆర్కైవుల ఎలుకలని ఈసడించాడు. పార్టీని దాని చేతలతో తూచాలి గానీ కాగితాలతో కాదన్నది ఆయన వాదన. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ చేతలేమిటో చెప్పే అధికారం ఎవరి దగ్గరుంటుందన్నది ఆ లేఖ చదివిన ప్రతి చరిత్రకారుడికీ వెంటనే అర్థమైంది.

ఏడేళ్ళ తర్వాత, 1938లో, ఆ అధికారం పుస్తక రూపం దాల్చింది. దాని పేరు 'సోవియట్ యూనియన్ కమ్యూనిస్టు (బోల్షివిక్) పార్టీ చరిత్ర: సంక్షిప్త పాఠం'. పార్టీ పత్రిక ప్రావ్దాలో ధారావాహికంగా వచ్చి, తర్వాత పుస్తకమైంది. స్టాలిన్ చిత్తుప్రతులను దగ్గరుండి దిద్దాడు, నాలుగో అధ్యాయంలోని తాత్విక భాగం తానే రాశాడు. తయారీలో తొలుత పాలుపంచుకున్న విల్హెల్మ్ క్నోరిన్‌ను పుస్తకం వెలువడిన ఏడాదే కాల్చి చంపారు. స్టాలిన్ చనిపోయేనాటికి దాన్ని 67 భాషల్లో 4 కోట్లకు పైగా ప్రతులు అచ్చువేశారు. సోవియట్ ఇంజనీరు కావాలన్నా, టీచరు కావాలన్నా, పార్టీలో ఒక మెట్టు పైకెక్కాలన్నా అది బట్టీ కొట్టాల్సిందే.

భారత కమ్యూనిస్టుల తరగతుల్లోనూ అదే పాఠం నడిచింది. తెలుగునేల మీద దాన్ని చదివినవాళ్ళకు పోలీసుల భయం ఉండేది గానీ, పుస్తకంలో అబద్ధం ఉంటుందన్న అనుమానం ఉండేది కాదు. అది వాళ్ళ అమాయకత్వమని కొట్టిపారేయడం తేలిక. నిజాం రాజ్యంలో వెట్టి చేయించిన దేశ్‌ముఖులు ఎదురుగా ఉన్నప్పుడు, ఎక్కడో వోల్గా ఒడ్డున దొరల భూములు రైతులు పంచుకున్నారన్న మాట ఎంత బలంగా తగిలిందో ఇవాళ లైబ్రరీలో కూర్చుని అంచనా వేయడం కష్టం. ఆ తర్వాతి తరానికి విశాలాంధ్ర దుకాణాల్లో కారుచవకగా దొరికిన మాస్కో పుస్తకాలు, ఇంటికొచ్చే 'సోవియట్ భూమి' పత్రిక అలవాటయ్యాయి. ఆ పత్రిక నున్నటి కాగితం స్కూలు పుస్తకాల అట్టలకు మహా బాగా పనికొచ్చేది. ట్రాక్టర్ల మీద నవ్వుతూ కూర్చున్న ఉక్రెయిన్ అమ్మాయిలు ఎన్ని వేల తెలుగు పిల్లల లెక్కల పుస్తకాలకు కాపలా కాశారో! 1932-33లో అదే ఉక్రెయిన్‌లో లక్షల మంది ఆకలితో చచ్చిపోయారన్న సంగతి ఆ అట్టల మీదా లేదు, లోపలి పేజీల్లోనూ లేదు.

మూసిన దేశంలో చరిత్రకారులంతా భజనపరులేనా? కాదు. ఇక్కడ అన్నా పంక్రాతోవా గురించి చెప్పాలి. ఒకే మనిషిలో భజనా, ధిక్కారమూ రెండూ కనిపిస్తాయి. 1897లో ఒడెస్సాలో పుట్టిన ఆమె పార్టీ మనిషి, స్కూలు పిల్లల చరిత్ర పాఠ్యపుస్తకానికి సంపాదకురాలు. భర్త స్టాలిన్ ప్రత్యర్థి ట్రాట్‌స్కీ పక్షంవాడని తేలితే ఆయనతో తెగదెంపులు చేసుకుంది. ఆయన్ను 1938లో కాల్చేశారు. యుద్ధకాలంలో ఆమె కజక్‌స్తాన్ రాజధాని అల్మా-అతాకు తరలివెళ్ళి, అక్కడి చరిత్రకారులతో కలిసి 1943లో కజక్ చరిత్ర తెచ్చింది. జారు చక్రవర్తుల మీద తిరగబడిన కెనెసరీ కసీమోవ్‌ను అందులో వీరుడిగా చూపించారు. మాస్కోకు అది రుచించలేదు. రష్యా వచ్చి కలుపుకోవడం కజక్‌లకు మేలే అయిందని చెప్పాల్సిన కాలం వచ్చింది. ఆ కెనెసరీ మీద విడిగా పుస్తకం రాసిన యెర్ముఖాన్ బెక్‌మఖానోవ్‌కు 1952లో 25 ఏళ్ళ శిక్ష వేశారు. ఒక తిరుగుబాటును మెచ్చుకున్నందుకు, అదీ వందేళ్ళ కిందటి తిరుగుబాటును! స్టాలిన్ పోయాక, 1954లో, ఆయన బయటికొచ్చాడు. ఆయన విడుదలకు పాటుపడినవాళ్ళలో పంక్రాతోవా ఒకరు.

1953లో 'వోప్రోసీ ఇస్తోరీ' పత్రిక పగ్గాలు ఆమె చేతికొచ్చాయి. దేశంలో చరిత్రకారులందరికీ అదే పెద్ద పత్రిక. ఉపసంపాదకుడు ఎడ్వర్డ్ బుర్‌జలోవ్. 1956 ఫిబ్రవరిలో 20వ పార్టీ మహాసభలో పార్టీ అధినేత క్రుశ్చేవ్ తలుపులు మూసి స్టాలిన్ నేరాలు బయటపెట్టాడు. రెండు నెలలు తిరక్కుండానే బుర్‌జలోవ్ తన పత్రికలో ఒక వ్యాసం వేశాడు. దాని విషయం 1917 మార్చి, ఏప్రిల్ నెలల్లో బోల్షివిక్కుల ఎత్తుగడలు. పేరు చూస్తే ఆవలింత వస్తుంది. కానీ మాస్కోలో దాన్ని నిద్రపోతూ చదివినవాడు ఒక్కడూ ఉండడు.

కారణం ఇది. 1917 మార్చిలో స్టాలిన్, మరో బోల్షివిక్ నాయకుడు కామెనెవ్ సైబీరియా ప్రవాసం నుంచి పెట్రోగ్రాడ్‌కు తిరిగొచ్చి ప్రావ్దాను తమ చేతుల్లోకి తీసుకున్నారు. జారు పడిపోయాక ఏర్పడిన తాత్కాలిక ప్రభుత్వం మీద ఒత్తిడి పెడదాం గానీ పడగొట్టొద్దు అన్న ధోరణి పట్టారు. ఏప్రిల్‌లో లెనిన్ దిగి ఆ ధోరణిని చీల్చి చెండాడాడు. తాను అప్పట్లో పొరబడ్డానని స్టాలినే 1924లో ఒప్పుకున్నాడు. 1938 నాటి సంక్షిప్త పాఠంలో మాత్రం ఆ పొరపాటు కామెనెవ్ తదితరుల ఖాతాలో పడింది, స్టాలిన్ మొదటి నుంచీ సరైన దారిలోనే ఉన్నాడు. కామెనెవ్‌ను అప్పటికే కాల్చేశారు కాబట్టి కాదనేవాడు లేడు. బుర్‌జలోవ్ చేసింది కొత్త సిద్ధాంతం కాదు. 1917 నాటి ప్రావ్దా సంచికలు, సమావేశాల పత్రాలు తీసి, వాటిలో ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. అచ్చమైన ఎలుక పని.

ఆ పత్రిక పాఠకుల సభలకు జనం విరగబడ్డారు. పార్టీ చరిత్ర విభాగాల్లో జీతాలు తీసుకునేవాళ్ళు గడగడలాడారు, ఎందుకంటే వాళ్ళ డాక్టరేట్లన్నీ ఆ సంక్షిప్త పాఠం మీదే నిలబడ్డాయి. 1956 శరదృతువులో పోలండ్, హంగరీ అట్టుడికాక గాలి తిరిగింది. 1957 మార్చిలో పార్టీ కేంద్ర కమిటీ పత్రికను తప్పుపడుతూ తీర్మానం చేసింది, బుర్‌జలోవ్ ఉద్యోగం పోయింది. పంక్రాతోవా మే నెలలో కన్నుమూసింది. స్టాలిన్‌ను తిట్టడానికి క్రుశ్చేవ్‌కు హక్కుంది, చరిత్రకారుడికి లేదు. గతాన్ని దిద్దే పని కూడా పై నుంచే జరగాలి.

బుర్‌జలోవ్ ఆ దెబ్బకు నోరు మూసుకోలేదు, గొంతు తగ్గించాడు. మాస్కోలో ఉపాధ్యాయ శిక్షణ సంస్థలో పాఠాలు చెప్పుకుంటూ పదేళ్ళు పనిచేసి, ఫిబ్రవరి విప్లవం మీద 1967లో ఒక సంపుటం, 1971లో రెండోది తెచ్చాడు. మొదటిదాన్ని ఇంగ్లీషులోకి తెచ్చిన మనిషి పేరు డొనాల్డ్ రాలీ. ఈ కథ ఇక్కడ ఉత్తర కరోలినాలోని మోరిస్‌విల్ పొలిమేరలకు చేరుతుంది.

మోరిస్‌విల్ 2020 జనాభా లెక్కల్లో 30 వేలకు కాస్త తక్కువ తేలిన ఊరు. ఒక పక్క రాలీ-డర్హమ్ విమానాశ్రయం, ఇంకో పక్క 1959లో వెలసిన రీసెర్చ్ ట్రయాంగిల్ పార్కు. ఐటీ, ఫార్మా ఉద్యోగాలతో ఇక్కడ స్థిరపడిన తెలుగువాళ్ళు ఎంతమందంటే, కిరాణా కొట్టుకెళ్ళినా, ఏవియేషన్ పార్క్‌వేలోని హిందూ సొసైటీ గుడికెళ్ళినా, చర్చ్ స్ట్రీట్ మైదానంలో క్రికెట్ చూడటానికెళ్ళినా తెలుగు చెవిన పడుతుంది. ట్రయాంగిల్ అన్న మాటలోని మూడు మూలలు మూడు విశ్వవిద్యాలయాలు. వాటిలో చాపెల్ హిల్‌లోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం, డర్హమ్‌లోని డ్యూక్ రెండూ కారులో అరగంట దూరమే. పిల్లల్ని కాలేజీ చూపించడానికి అక్కడికి తీసుకెళ్ళే తెలుగు తల్లిదండ్రులు కంప్యూటర్ సైన్సు భవనం ఎక్కడని అడుగుతారు గానీ, రష్యా పుస్తకాల గది ఎక్కడని అడగరు. అడిగితే దొరికేది చిన్న సంపద కాదు. బోల్షివిక్కుల నుంచి పారిపోయిన రష్యన్లు దేశదేశాల్లో అచ్చేసుకున్న పుస్తకాలు, పత్రికలు పారిస్‌లో ఆంద్రే సవీన్ అనే పుస్తక వ్యాపారి జీవితమంతా పోగుచేశాడు. ఆయన పోయాక ఆ సేకరణను చాపెల్ హిల్ 2002లో కొనుక్కుంది. సోవియట్ లైబ్రరీల్లో అలాంటివి తాళం వేసిన ప్రత్యేక గదుల్లో ఉండేవి. అనుమతి పత్రం లేనిదే లోపలికి పోనిచ్చేవారు కాదు.

డొనాల్డ్ రాలీ చాపెల్ హిల్‌లో చరిత్ర ఆచార్యుడిగా పనిచేశాడు. ఇంటిపేరు పక్కనున్న రాష్ట్ర రాజధాని పేరే కావడం కాకతాళీయం. ఆయన పట్టుకున్న ఊరు వోల్గా ఒడ్డునున్న సరాతోవ్. అంతరిక్షం నుంచి తిరిగొచ్చిన గగారిన్ 1961లో దిగింది ఆ ప్రాంతంలోనే. రక్షణ పరిశ్రమల వల్ల అది అప్పట్లో విదేశీయులకు ప్రవేశం లేని మూసిన నగరం. 1917లో సరాతోవ్‌లో ఏం జరిగిందో చెప్పే ఆయన పుస్తకం 1986లో వచ్చింది, అప్పటికి ఆయన ఆ ఊరి ఆర్కైవుల గడప తొక్కలేదు. పాత వార్తాపత్రికలు, జ్ఞాపకాలు, సోవియట్ పండితులు అచ్చేసిన పత్ర సంపుటాలు, ఇలా బయట దొరికినవన్నీ గాలించి ఊరిని కట్టుకొచ్చాడు. 1990లో తలుపులు తెరుచుకున్నాక సరాతోవ్ వెళ్ళి, స్థానిక పార్టీ ఆర్కైవుల్లో కూర్చుని అంతర్యుద్ధ కాలం మీద రాసిన పెద్ద పుస్తకం 2002లో వెలువడింది. పాలకుల మొండితనం, రహస్యాల పిచ్చి, ఆకలితో ఉన్న జనం మీద తుపాకీ ఎత్తడం స్టాలిన్‌తో మొదలైనవి కావని, 1918-22 మధ్య ఆ నాలుగేళ్ళలోనే వేళ్ళూనుకున్నాయని ఆ పుస్తకం చూపిస్తుంది.

సరాతోవ్ గురించే ఇంకో విచిత్రం ఉంది. అలెక్సిస్ బాబిన్ అనే రష్యన్ అమెరికా వచ్చి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో పనిచేసి, తిరిగి స్వదేశం వెళ్ళి విప్లవకాలంలో సరాతోవ్ విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు పాఠాలు చెప్పాడు. 1917 నుంచి 1922 దాకా డైరీ రాశాడు. రొట్టె ధర, కట్టెల కరువు, ఇంటి సోదాలు, పొరుగువాళ్ళ అరెస్టులు అన్నీ అందులో ఉన్నాయి. బోల్షివిక్కులంటే ఆయనకు ఒళ్ళుమంట, కాబట్టి అన్నీ ఆయన చెప్పినట్టే నమ్మనక్కర్లేదు. రాలీ సంపాదకత్వంలో ఆ డైరీని 1988లో అచ్చేసింది డ్యూక్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం. సరాతోవ్‌లో వీధుల్లో నడిచేవాళ్ళకు అందని సరాతోవ్ కథ డర్హమ్‌లో డబ్బులిచ్చి కొనుక్కోగలిగిన పుస్తకమైంది.

స్మొలెన్‌స్క్‌దీ అదే కథ. 1941లో జర్మన్ సైన్యం ఆ నగరాన్ని ఆక్రమించి పార్టీ కార్యాలయంలో కాగితాలు పట్టుకుపోయింది. యుద్ధం ముగిశాక వాటిలో కొంత భాగం అమెరికన్ల చేతికి చిక్కింది. హార్వర్డ్‌లో మెర్ల్ ఫైన్‌సోడ్ వాటిని చదివి 1958లో పుస్తకం రాశాడు. మైక్రోఫిల్ములు పరిశోధకులకు అందుబాటులోకి వచ్చాయి. స్మొలెన్‌స్క్ రైతు ధాన్యం దాచాడని ఎవరు ఫిర్యాదు చేశారో అమెరికాలోని విద్యార్థి చదవగలిగేవాడు, ఆ రైతు మనవడు చదవలేకపోయేవాడు. అసలు కాగితాలు రష్యాకు తిరిగి చేరింది 2002లో.

ఇంత దూరం రష్యా కథ. ఇక తెలుగువాళ్ళ కాగితాలు కూడా మాస్కో బీరువాలో పడ్డాయి.

1948 సెప్టెంబర్‌లో భారత సైన్యం హైదరాబాద్ రాజ్యంలోకి వచ్చి నిజాం పాలనను ముగించింది. రజాకార్ల పీడ విరగడైంది. తెలంగాణ సాయుధ రైతాంగ పోరాటం మాత్రం ఆగలేదు, ఇప్పుడు తుపాకులు భారత సైన్యం వైపు తిరిగాయి. పోరాటం ఆపాలా కొనసాగించాలా అన్న తగవు కమ్యూనిస్టు పార్టీని నిలువునా చీల్చే దాకా వచ్చింది. ఆంధ్ర నాయకత్వం చైనా బాట పట్టాలంది. పల్లెల్లో గెరిల్లా స్థావరాలు, ధనిక రైతును కలుపుకోవడం, దీర్ఘకాల పోరాటం. ఈ పంథాకు గొంతుకైన చండ్ర రాజేశ్వరరావు 1950లో బి.టి. రణదివే స్థానంలో అఖిల భారత ప్రధాన కార్యదర్శి అయ్యాడు. కృష్ణా జిల్లా మంగళాపురం మనిషి. ఎదురుపక్షంలో అజయ్ ఘోష్, ఎస్.ఎ. డాంగే ఉన్నారు. పార్టీ ఇలాగే పోతే మిగలదని వాళ్ళ వాదన. నల్లగొండలో పోరాటాన్ని పెంచినవాళ్ళలో ఒకరైన రావి నారాయణరెడ్డి కూడా పోలీసు చర్య తర్వాత తుపాకులు దించాలన్నవాడే.

తగవు తీర్చే పెద్దమనిషి మాస్కోలో ఉన్నాడని రెండు పక్షాలూ నమ్మాయి. రెండు పక్షాల నుంచీ ఇద్దరేసి బయల్దేరారు. అటు ఘోష్, డాంగే. ఇటు రాజేశ్వరరావు, గుంటూరు జిల్లా రేపల్లె ప్రాంతపు మాకినేని బసవపున్నయ్య. పాస్‌పోర్టులతో పోయే ప్రయాణం కాదు, కలకత్తా నుంచి సోవియట్ ఓడలో గుట్టుగా వెళ్ళారు. 1951 ఫిబ్రవరి 9న స్టాలిన్‌ను కలిశారు. అంతకుముందే సోవియట్ పార్టీ నాయకులతో వాళ్ళ చర్చలు నడిచాయి.

ఆ సంభాషణకు సోవియట్ పార్టీ రాసి దాచుకున్న రికార్డు ఇప్పుడు ఇంగ్లీషులో అందరికీ దొరుకుతుంది. చదివితే ముందు ఆశ్చర్యపరిచేది స్టాలిన్ సిద్ధాంతం కాదు, భూగోళం. చైనా విప్లవకారులు శత్రువు చుట్టుముట్టినప్పుడల్లా జారిపోగలిగారు. చివరికి మంచూరియా చేరాకే వాళ్ళ వెన్ను కుదుటపడింది, ఎందుకంటే అక్కడ వెనక సోవియట్ యూనియన్ ఉంది. భారతదేశంలో మీకు అలాంటి వెన్నుదన్ను ఏది? పైగా మీ దేశంలో రైళ్ళు చైనాలో కంటే ఎక్కువ, అంటే సైన్యం వెంటనే చేరుకుంటుంది. చైనా దారిని ఉన్నదున్నట్టు దించుకోవద్దన్నాడు. మీ ముందున్నది సోషలిస్టు విప్లవం కాదు, భూమి సమస్య తీర్చే విప్లవమన్నాడు. గెరిల్లా పోరు ఒక్కదాని మీదే ఆధారపడితే చాలదు, పట్నాల్లో కార్మికులు కదలాలన్నాడు. భూస్వాముల్ని విడివిడిగా చంపుకుంటూ పోవడాన్ని గట్టిగా వ్యతిరేకించాడు. తన దేశంలో ఆయన చేయించిన హత్యల జాబితా తెలిసిన ఇవాళ్టి పాఠకుడికి ఆ చివరి సలహా దగ్గర చదువు ఆగిపోతుంది.

నలుగురూ తిరిగొచ్చారు. ఈ ప్రయాణం గుట్టు బయటికి పొక్కనివ్వలేదు. 1951లో పార్టీ కొత్త ముసాయిదా కార్యక్రమం ప్రకటించింది. దానితో పాటు బహిరంగంగా ఒక విధాన ప్రకటన, కార్యకర్తలకు మాత్రమే రహస్యంగా ఒక ఎత్తుగడల పత్రం తయారయ్యాయి. ఘోష్ ప్రధాన కార్యదర్శి అయ్యాడు. అక్టోబర్ 21న తెలంగాణ సాయుధ పోరాట విరమణ ప్రకటన వెలువడింది. 1952 ఎన్నికల్లో నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డి దేశంలో ఎవరికీ రానన్ని ఓట్లతో లోక్‌సభకు వెళ్ళాడు.

పోరాట విరమణకు కారణమేమిటన్న ప్రశ్న తెలుగునాట డెబ్బై ఏళ్ళుగా నలుగుతూనే ఉంది. నాయకత్వం చేతులెత్తేసిందని కొందరు, సైన్యం ముందు నిలబడలేని పరిస్థితని కొందరు, మాస్కో ఆడించినట్టు ఆడారని మరికొందరు. మాస్కో రికార్డు వీళ్ళలో ఎవరికీ పూర్తిగా అక్కరకు రాదు. తుపాకులు దించండన్న ఆదేశం కోసం అందులో వెతికేవాళ్ళకు దొరికేది ఆదేశం కాదు, ప్రశ్నలు, హెచ్చరికలు, షరతులు. ఆ షరతులన్నీ కూడితే విరమణే మిగులుతుందని వాదించొచ్చు, ఆ కూడిక చేసింది మాత్రం ఇక్కడివాళ్ళే. ఇంకో సంగతి మరచిపోకూడదు. ఈ రికార్డు కూడా ఆ మూసిన రాజ్యం తన కోసం రాసుకున్నదే. స్టాలిన్ మాట్లాడిన చోట కలం నింపాదిగా నడుస్తుంది. ఎదురుగా కూర్చున్న తెలుగువాళ్ళ మనసులో ఏముందో, గదిలోంచి బయటికొచ్చాక ఒకరితో ఒకరు ఏమనుకున్నారో దానికి అక్కర్లేదు.

కాగితం బయట ఉన్నంత మాత్రాన గొడవ తీరదనడానికి ఇంటి ఉదాహరణే ఉంది. 1964లో ఢిల్లీలోని జాతీయ ఆర్కైవ్స్‌లో కొన్ని ఉత్తరాలు బయటపడ్డాయి. 1924లో కాన్పూరు కుట్ర కేసులో జైల్లో ఉన్న డాంగే, విడుదల కోసం బ్రిటిష్ ప్రభుత్వానికి లొంగుబాటు మాటలు రాశాడన్నది వాటి సారాంశం. అవి నకిలీవన్నాడు డాంగే. అసలైనవే అన్నారు ఎదురువాళ్ళు. అప్పటికే సిద్ధాంత విభేదాలతో పగుళ్ళిచ్చిన పార్టీ ఆ ఏడాదే రెండైంది. రాజేశ్వరరావు ఒకవైపు, బసవపున్నయ్య ఇంకోవైపు. మాస్కోతో పోలిస్తే తేడా ఒక్కటే. అనుమానమున్నవాళ్ళు ఢిల్లీ వెళ్ళి ఆ కాగితాలు చూసి తిట్టుకోగలిగారు. ఆమాటకొస్తే ఇక్కడి ప్రభుత్వాలూ తక్కువ తినలేదు. కమ్యూనిస్టు సాహిత్యాన్ని బ్రిటిష్ వాళ్ళు, నిజాం, ఆ తర్వాత స్వతంత్ర భారతంలోని మద్రాసు ప్రభుత్వం నిషేధించినవాళ్ళే.

సోవియట్ యూనియన్‌లో తాళాలు ఊడటం 1980ల చివర్లో మొదలైంది. 1988 వేసవిలో స్కూళ్ళలో చరిత్ర పరీక్షలు రద్దు చేశారు. పాఠ్యపుస్తకాల్లో ఉన్నది అబద్ధమని ప్రభుత్వమే ఒప్పుకున్నాక, పిల్లలు దేనికి మార్కులు తెచ్చుకోవాలి? హిట్లర్‌తో 1939లో చేసుకున్న రహస్య ఒప్పందం ఉందనే నలభై ఏళ్ళు ఒప్పుకోలేదు. దాని జర్మన్ ప్రతిని అమెరికా విదేశాంగ శాఖ 1948లోనే అచ్చేసింది. 1989 డిసెంబర్‌లో గానీ సోవియట్ ప్రతినిధుల సభ దాన్ని అంగీకరించలేదు. కతిన్ అడవిలో పోలండ్ అధికారులను చంపింది తామేనని 1990 ఏప్రిల్‌లో ఒప్పుకున్నారు. తర్వాత పార్టీ ఆర్కైవులు ప్రభుత్వపరమయ్యాయి.

అలాంటి దేశంలో పెరిగినవాళ్ళకు నిజం బొత్తిగా తెలియదా అన్న ప్రశ్నకు జవాబు డొనాల్డ్ రాలీయే వెతికాడు. మాస్కోలో ఒకటి, సరాతోవ్‌లో ఒకటి, ఇంగ్లీషు ప్రత్యేకంగా నేర్పే రెండు స్కూళ్ళలో 1967లో చదువు ముగించిన పిల్లలను పెద్దయ్యాక వెతికి పట్టుకుని మాట్లాడించాడు. 'సోవియట్ బేబీ బూమర్స్' పేరుతో ఆ పుస్తకం 2012లో వచ్చింది. స్కూల్లో ఒక చరిత్ర, అమ్మమ్మ దగ్గర ఇంకో చరిత్ర విన్న తరం అది. వంటింట్లో విన్నది బయట అనకూడదని చిన్నప్పుడే నేర్చుకున్నారు. జైలుకెళ్ళిన తాత గురించి, రాత్రిపూట వినే విదేశీ రేడియో గురించి మాట్లాడుతూనే, తమ బాల్యం ఆనందంగా గడిచిందనీ చెప్పారు. రెండూ నిజమే అయి ఉంటాయి.

తెరిచిన తలుపు తెరిచినట్టే ఉండలేదు. స్టాలిన్ కాలపు బాధితుల పేర్లు ఒక్కొక్కటీ కూడగట్టిన మెమోరియల్ సంస్థను మూసేయాలని 2021 డిసెంబర్ 28న రష్యా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మరుసటి ఏడాది నోబెల్ శాంతి బహుమతి పంచుకున్నవాళ్ళలో ఆ సంస్థ ఉంది.

తెలంగాణ పోరాటంలో 4,000 మంది కమ్యూనిస్టులు, రైతు కార్యకర్తలు చనిపోయారని, 3,000 గ్రామాల్లో పది లక్షల ఎకరాలు పంచారని పుచ్చలపల్లి సుందరయ్య 1972 నాటి తన పుస్తకంలో లెక్క చెప్పాడు. ఊళ్ళ పేర్లతో, దళాల పేర్లతో, పట్టుబడినవాళ్ళ కథలతో ఆ పుస్తకం నిండి ఉంటుంది. అదీ ఒక పార్టీ నాయకుడు తన పార్టీ వైపు నుంచి రాసిందే, ఆ సంగతి దాచలేదు కూడా. పోరాటాన్ని మధ్యలో వదిలేశారని మండిపడినవాళ్ళు, అసలు మొదలుపెట్టకుండా ఉండాల్సిందన్నవాళ్ళు వేరే పుస్తకాలు రాసి దానికి జవాబిచ్చారు, వాటికి మళ్ళీ జవాబులొచ్చాయి. మాస్కోకు వెళ్ళిన నలుగురిలో ఘోష్ 1962లో, డాంగే 1991లో, బసవపున్నయ్య 1992 ఏప్రిల్‌లో, రాజేశ్వరరావు 1994 ఏప్రిల్‌లో పోయారు. స్టాలిన్ గదిలో తాము మాట్లాడిన మాటల రికార్డు 2000ల దశకంలో ఢిల్లీలోని ఒక వామపక్ష పత్రికలో ఇంగ్లీషులో అచ్చయినప్పుడు, ఇది ఇలా అనలేదు, అలా అన్నాం అని దిద్దడానికి వాళ్ళలో ఎవరూ లేరు.